పదహారు గంటల చుక్క

తెనాలిలో బుడే సాహెబ్ డీటీపీ సెంటరుకు పెద్ద పేరేమీ లేదు గాని, మసీదు నమాజు వేళల పట్టిక మాత్రం పందొమ్మిదేళ్లుగా ఆయన చేతి మీదుగానే అచ్చుకు వెళుతోంది. అందులో ఒక్క నిమిషం తేడా వచ్చినా ఎంతమంది ఉపవాసం పాడవుతుందోనని ఆయనకు భయం. అందుకే సంధ్యారాణి చుక్కల నోటు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు, "అంకెలే కదమ్మా, నా బతుకే అంకెలు" అని ధీమాగా అందుకున్నాడు.

సంధ్యారాణి బాపట్లలో ఫిజిక్సు లెక్చరరు. ఆమె తాత నాగులుది రేపల్లె. యాభై ఏళ్లు సముద్రం మీద పడవ నడిపాడు. వేటకు వెళ్లేవాళ్లు చుక్కలకు పెట్టుకున్న పేర్లు ఆమె ఎనభై నాలుగు పోగు చేసింది. కంప్యూటరులో ఆకాశాన్ని చూపించే సాఫ్ట్‌వేర్‌లోకి వాటిని ఎక్కించాలి.

"ఒక్కో చుక్కకి ఒక్కో లైను బాబాయ్ గారూ. ముందు పేరు, కామా. తర్వాత గంటలు, నిమిషాలు, సెకన్లు. మళ్లీ కామా. ఆ తర్వాత డిగ్రీలు, వాటి ముందు ప్లస్సో మైనస్సో ఉండి తీరాలి. నాలుగైతే సున్నా నాలుగు అని రెండంకెలు వేయండి. ఒక్క కామా ఎగిరినా అది తీసుకోదు."

"ఆకాశానికి గంటలేంటమ్మా?"

"అది ఇంకోసారి చెబుతానండి, పొన్నూరు బస్సు వెళ్లిపోద్ది. ఆదివారం తాతకి చూపించాలి. చుక్కలు సరిగ్గా కనపడితే మిగతా పేర్లు చెబుతానన్నాడు. తప్పుంటే ఇంక అడగొద్దన్నాడు. ఆ పేర్లు తెలిసినవాళ్లు ఆయన తప్ప రేవులో ఎవరూ మిగల్లేదు."

ఆ రాత్రి భోజనాలకు ముందు భార్య చాంద్ బీ పుస్తకం చదువుతుంటే బుడే సాహెబ్ టైపు చేశాడు.

"తేలు గుండె. పదహారు, ఇరవై తొమ్మిది, ఇరవై నాలుగు."

ఆయన సున్నా నాలుగు అని కొట్టాడు.

"పదహారన్నాను కదండీ."

"పదహారంటే నాలుగేగా. అసర్ నమాజు పదహారున్నరకి అని వేస్తే జనం నవ్వరూ?"

"సాయంత్రం నాలుక్కి చుక్కలెక్కడివి, చోద్యం కాకపోతే!"

"నువ్వు చదువు ముందు."

పన్నెండు దాటిన ప్రతి గంటలోంచీ ఆయన వేళ్లు పన్నెండు తీసేస్తూ పోయాయి. పట్టిక ముచ్చటగా వచ్చింది. కామాలన్నీ ఒకే వరసలో, నమాజులో నిలబడ్డ మనుషుల్లా ఉన్నాయి. ఇన్ని చుక్కల పట్టిక దేవుడు ఎవరికీ చూపించకుండానే నడుపుతున్నాడు కదా, మరి మనిషికెందుకు ఇంత ప్రయాస, అనుకున్నాడు. పని మీద గౌరవం మాత్రం పెరిగింది.

శనివారం సంధ్యారాణి వచ్చి పుస్తకం తీసుకెళ్లింది. తన పట్టిక తెర మీద ఎలా ఉంటుందో కళ్లారా చూడాలని, ఆదివారం ఆయన పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని రేపల్లె రైలెక్కాడు.

నాగులు ఇంటి పంచలో లాప్‌టాప్ తెరిచారు. సాఫ్ట్‌వేర్ ఎనభై నాలుగు లైన్లనూ ఒక్క పొరపాటు చూపించకుండా మింగేసింది. బుడే సాహెబ్ ఛాతీ పొంగింది. నాగులు తెర మీదకు వంగి చాలాసేపు చూశాడు.

"పిల్లలకోడి బాగానే ఉంది. గొల్లకావడీ బాగుంది. రోహిణి కింద ఈ తేలేంటే?"

"ఎక్కడ తాతా?"

"ఇదిగో. గొల్లకావడి దిగిపోతేగాని తేలు లెగవదు. పుట్టి బుద్ధెరిగాక ఆ రెంటినీ ఒకచోట చూళ్లేదు నేను."

"మనవరాలు అంత పెద్ద చదువు చదివింది, రెంటికీ రాజీ చేసుంటది," అంది ఆయన భార్య వెంకటసుబ్బులు.

నాగులు నవ్వలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. సంధ్యారాణి ముఖం వాడిపోయింది. "నేనే ఎక్కడో తప్పు రాసుకున్నానేమో" అని గొణిగింది.

"తేలు గుండెకి నీ పుస్తకంలో ఎంత ఉందమ్మా?" అని అడిగాడు బుడే సాహెబ్.

"పదహారండి."

తాను కొట్టిన సున్నా నాలుగు ఆయనకు గుర్తొచ్చింది. నోరు మెదపకపోతే తప్పు ఆ పిల్ల మీదకే పోతుంది. అందుకు ఆయన మనసు ఒప్పుకోలేదు.

"కూర్చోండి నాగులు గారూ. తప్పు నాదండి. పదహారుని నేనే నాలుగు చేశాను. మసీదు పట్టికలో అలాగే వేస్తానండి."

నాగులు వెనక్కి తిరిగాడు. "అంటే తేలుని నమాజుకి పంపించావా సాయిబూ?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

నవ్వు సరే, దిద్దడం ఎలా? పట్టికలో నాలుగులు చాలా ఉన్నాయి. పుట్టుకతోనే నాలుగైనదేదో, పదహారు నుంచి దిగినదేదో అంకెను చూస్తే తెలియదు. పుస్తకమేమో బాపట్ల కాలేజీలో ఉండిపోయింది, ఆదివారం తాళం.

"పేర్లు చదువు," అన్నాడు నాగులు మళ్లీ కూర్చుంటూ. "పిల్లలకోడితో లేచే జట్టుదో, తేలుతో లేచే జట్టుదో నే చెబుతా."

బుడే సాహెబ్ ఒక్కొక్క పేరే చదివాడు. "పిల్లలకోడి" అంటే అలాగే ఉంచాడు, "తేలు" అంటే పన్నెండు కలిపాడు. వెంకటసుబ్బులు రెండుసార్లు టీ ఇచ్చింది. ఒకచోట మొగుణ్ణి దిద్దింది కూడా. ముప్పై ఒక్క చుక్కలు, ఇరవై నాలుగు గంటల చుట్టుగా ఉన్న ఆకాశంలో పన్నెండు గంటలు జరిగి, అవతలి పక్కకు వెళ్లాయి. పట్టికను మళ్లీ ఎక్కిస్తే, గొల్లకావడి ఒక అంచున దిగిపోయాక తేలు ఎదుటి అంచున లేచి కొండి ఎత్తింది.

నాగులు కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"ఆ కొండి కిందుగా, బాగా దక్షిణాన, ఇంకోటుంది. వలగుంజ అంటాం. రాసుకో."

"గంటలెన్నండీ?"

"ఆ సంగతి పిల్ల చూసుకుంటది. నువ్వు మాత్రం పన్నెండు తీసెయ్యమాకు."

బుడే సాహెబ్ ఎనభై అయిదో లైను మొదలుపెట్టాడు.