కల్లు కాలంలో గోలి

చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, చెప్పులు చేతపట్టుకుని వాగు దాటుతోంది జంపక్క. భుజాన మందుల సంచి. ఊరి ఆరోగ్య కార్యకర్తగా పన్నెండేళ్లుగా దాటుతున్న వాగే. ఇన్నేళ్లకూ ఆమె సంపాదించుకున్నది మోకాళ్ల నొప్పి ఒక్కటే.

పొట్టి మనిషి. ఎండకు కమిలిన ముఖం, అరిగిన మడమలు, ఐదో తరగతి చదువు. శిక్షణలో డాక్టర్లు చెప్పిన మాటలు దారిపొడుగునా గొణుక్కుంటూ వచ్చి గుమ్మం గుమ్మానికీ అప్పజెబుతుంది. బాలింతలు వింటారు. బీపీ వాళ్ల దగ్గర మాత్రం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఊళ్లో నాటువైద్యం చేసే వెజ్జు ఇచ్చిన వేరు మూడు పూటలు మింగితే జ్వరం పోతుంది. నొప్పే లేని రోగానికి బతికినన్నాళ్లూ గోలీలు మింగడమేమిటని నవ్వుతారు.

ఆ బీపీ వాళ్లలో వినేవాడు దూలయ్య ఒక్కడే. పామాయిల్ తోటల్లో గెలలు కోసే కూలి, వరసకు ఆమెకు మామ. అతని అన్న బీపీ ముదిరి పక్షవాతంతో పడి, ఏడాది మంచంలో తీసుకుని పోయాడు. ఆ ఏడాదంతా ఎత్తి దించినవాడు గనక దూలయ్యకు భయం పట్టుకుంది. ఈ ఒక్కణ్ణయినా నిలబెట్టుకోవాలని జంపక్క పంతం.

తాటిచెట్టు మొదట్లో దొరికాడు. కల్లు దిగే రోజులు. అడవి పల్లెల్లో ఈ నాలుగు నెలలూ కల్లే గంజి, కల్లే మర్యాద. ఆకుదొప్ప పక్కన పెట్టి జరిగి చోటిచ్చాడు.

"దా కోడలా, కూసో. ఏంది గట్ల రొప్పుతున్నవ్?"

"గోలీలు మింగుతున్నవా మామా?"

"నీ మాట ఎన్నడన్న దాటిన్నా?"

తలగుడ్డ మడతలోంచి గోలీల అట్టలు తీసి చూపించాడు. నెల కిందట ఇచ్చిన ముప్పైలో నాలుగే ఖాళీ.

"ఏంది మామా ఇది? అన్నీ గట్లనే ఉన్నయ్!"

"కల్లు తాగి గోలి మింగొద్దని నువ్వే చెప్పినవ్ గద. తాగిన దినం ముట్టలే. తాగని దినం ఒక్కటి తప్పలే."

మెప్పు కోసం ఆమె ముఖంలోకి చూశాడు. ఆ మాట జంపక్కదే. గోలి కోసం కల్లు మానతాడనుకుంది. మనిషి కల్లు కోసం గోలి మానాడు. సిగ్గుతో తల దించుకుంది.

"తాగినా గోలి మానొద్దు మామా. ఇప్పుడే ఒకటి మింగు."

"రెండు దొప్పలు లోపలున్నయ్. వికటిస్తే?"

ఆమెకూ తెలియదు. శిక్షణలో కల్లు వద్దన్నారే గాని, తాగినవాడు గోలి ఎప్పుడు మింగాలో చెప్పలేదు, ఆమె అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే డాక్టరు పదిమైళ్ల అవతల, ఇక్కడ ఫోను పలకదు.

"సరే. రేపు పొద్దుగాల, కల్లు ముట్టకముందే."

"ఒట్టు కోడలా."

ఆ పూట ఆమె ఇంకో ఏడిళ్లు తిరిగింది. ఇద్దరు పసివాళ్లను తూచింది. బీపీ ఉన్న ప్రతి గుమ్మంలోనూ ఆగి, తాగినా సరే గోలి మానొద్దని, అడగకపోయినా రెండుసార్లు చెప్పింది. వాళ్లు ఎప్పటిలాగే నవ్వారు.

పొద్దు వాలేటప్పుడు తోటవైపు నుంచి కేకలు వినిపించాయి. గెల కోయబోయి కొడవలి కట్టిన గెడ ఎత్తిన దూలయ్య అక్కడే కూలబడ్డాడట. మూతి ఓ పక్కకు లాగేసిందట. మంచం మీద వేసి రోడ్డుకు మోశారు. ఆటో వచ్చేలోపే ఊపిరి ఆగిపోయింది.

గుడిసెలో అతని భార్య కొండమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జంపక్క వెళ్లి కాళ్ల దగ్గర కూలబడింది.

"తప్పు నాదే అత్తా. నేనే సక్కగ చెప్పలే."

"నువ్వేం జేసినవ్ బిడ్డా? పనికి పోయేముందు ఇంటికొచ్చి, నువ్వు మంచిగ చెప్పినవని సంబురపడ్డడు. పొద్దుగాల యాది మరుస్తనేమోనని గక్కడ పెట్టి పోయిండు."

కొండమ్మ చూపిన వైపు చూసింది జంపక్క. నీళ్ల కుండ మూత మీద, చిన్న ఆకుముక్కలో, రేపు పొద్దుటికని తీసిపెట్టిన తెల్లటి గోలి.