వంగపండు రంగు నీడ

నేను ఒక షామియానాను. ముప్పయ్యారు అడుగుల పొడవు, పద్దెనిమిది అడుగుల వెడల్పు, నాలుగు పక్కలా జాలరు. ఇప్పుడు నన్ను చూస్తే మీకు నమ్మకం కుదరదు గానీ, ఒకప్పుడు వంగపండు రంగులో నిగనిగలాడేదాన్ని. ఆ రంగు నేను కోరుకున్నది కాదు. మా యజమాని లాల్ సాహెబు గుడ్డ కొనడానికి చిలకలూరిపేట వెళ్ళిన రోజు కొట్టులో ఆ తాను ఒక్కటే మిగిలింది. ఆయన భార్య ఖాసింబీ పదకొండు రోజులు మిషను తొక్కి నన్ను కుట్టింది. అప్పటికి వంగపండు రంగు కండువాల పార్టీ ఇంకా పుట్టలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత నేరమంతా నా మీదే పెట్టారు.

పల్నాటి ఎండల్లో నాకు పనికేం కొదవ? పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పెద్దకర్మలు, అన్ని పార్టీల మీటింగులూ నా కిందే జరిగేవి. కులాలు లేవు, మనమంతా ఒక్కటే అని పెద్దమనుషులు మైకులో చెప్పిన ఉపన్యాసాలు నేను విన్నన్ని ఇంకెవరూ విని ఉండరు. ఆ సభలకు ఊరి బయటి కాలనీ నుంచి వచ్చినవాళ్ళు మాత్రం నా జాలరు అంచున, సగం నీడలో సగం ఎండలో నిలబడేవాళ్ళు. లోపల కుర్చీలు ఖాళీగానే ఉండేవి. వాళ్ళను రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు. పొద్దు వాలి నీడ జరిగితే వాళ్ళూ దాంతోపాటు నాలుగడుగులు జరిగేవాళ్ళు. నాకది బాధగా ఉండేది. గుడ్డను కదా, చెప్పే దారి లేదు.

తంగెళ్ళమిట్ట కాలనీలో ఆరువందల పన్నెండు ఓట్లు ఉన్నాయి. ఏ ఎన్నికలోనూ మూడువందలు దాటి పడలేదు. వాళ్ళను వంగపండు పార్టీ భయపెట్టి ఇళ్ళలో కూర్చోబెట్టిందని ఇటుక రంగు పార్టీవాళ్ళు అనేవారు. వాళ్ళకు ఓటు విలువ తెలియదని వంగపండు పార్టీవాళ్ళు అనేవారు. అసలు సంగతి అంగన్‌వాడీ టీచరు సువార్తమ్మకు తెలుసు. ఓటర్ల జాబితా పని కూడా ఆమెదే. పోలింగు బూతు ఊళ్ళో బడిలో ఉండేది. ఊరివాళ్ళు చుట్టుపక్కల అరుగుల మీద కూర్చుని, వంతు రాగానే లేచి వెళ్ళేవారు. ఆ అరుగుల మీద కాలనీవాళ్ళు ఏనాడూ కూర్చున్నవాళ్ళు కాదు. ఎండలోనే నిలబడేవారు, ఓపిక చచ్చాక వెళ్ళిపోయేవారు. కిందటి ఎన్నికల్లో సువార్తమ్మ అత్త శాంతమ్మ రెండు గంటలు నిలబడి కళ్ళు తిరిగి పడిపోయింది. ఓటు వేయకుండానే ఆమెను మంచం మీద ఇంటికి మోసుకొచ్చారు. ఆ ముసలామె దాన్ని తలుచుకుని ఐదేళ్ళూ సిగ్గుపడింది.

ఆ ఐదేళ్ళూ సువార్తమ్మ అర్జీలు పెట్టి, ఆఫీసుల గుమ్మాలు అరగదీసి, కాలనీలోని కమ్యూనిటీ హాలుకు బూతు తెప్పించింది. ఈసారి కూడా ఓట్లు పడకపోతే బూతు మళ్ళీ ఊళ్ళోకి పోతుందని ఆఫీసులో ఒకాయన ముందే చెప్పేశాడు. హాలు ముందు చెట్టన్నది లేదు. నీడ ఏర్పాటు చేయాలని కాగితం వచ్చింది గానీ నీడ రాలేదు. పోలింగుకు ముందురోజు ఆమె లాల్ సాహెబు దగ్గరికి పరుగెత్తింది.

"రేపు ముహూర్తాలమ్మాయ్. మంచియ్యన్నీ పెళ్ళిళ్ళకి పోయినయ్. ఇదొక్కటే ఉంది, అక్కడక్కడా మాసికలు."

"మాసికలైతే ఏంది బాబాయ్, నీడేగా కావాల్సింది," అంది సువార్తమ్మ.

నా రంగు సంగతి ఆయనకూ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. ఏళ్ళ తరబడి కళ్ళ ముందున్న వస్తువు రంగును ఎవరు పట్టించుకుంటారు?

ఇటుక రంగు పార్టీ ఏజెంటు అంకారావు పట్టించుకున్నాడు. పోలింగు రోజు పొద్దున పదింటికల్లా వరుసలో నూట యాభైమంది ఉన్నారు. మిరపకోతలు మానుకుని వచ్చినవాళ్ళు. శాంతమ్మ నా మధ్య గుంజకు ఆనుకుని కూర్చుంది. అంకారావు బయటికొచ్చి తలెత్తి చూసి, పోలింగు అధికారిని పిలిచాడు.

"ఇది వాళ్ళ కండువా రంగు సార్. దీని కింద గంటసేపు నిలబడినోడు ఓటు ఎవరికేస్తాడు? దీన్ని విప్పించేయండి, లేకపోతే రీపోలింగ్ అడుగుతాం."

అధికారి కాలేజీ లెక్చరరు, భయస్తుడు. విప్పేయమన్నాడు. నన్ను దించి గోడవారగా కుప్ప పోశారు. ముప్పై ఏళ్ళుగా నీడనిచ్చిన నేను ఒక్క నిమిషంలో ప్రచార సామగ్రినైపోయాను. ఎండ వరుస మీద పడింది. చంటిపిల్లల తల్లులు ముందు కదిలారు, తర్వాత ముసలివాళ్ళు. సువార్తమ్మ ముఖం చూడలేకపోయాను. శాంతమ్మ మాత్రం లేవలేదు. కొంగు నెత్తిన వేసుకుని అక్కడే కూర్చుంది.

"రంగు కనపడకపోతే మీకు అభ్యంతరం లేదుగా సార్?" అంది సువార్తమ్మ.

లేదన్నాడాయన. హాలు పక్కన బోరింగు ఉంది, దాని కింద ఎప్పుడూ ఆరని నల్లరేగడి బురద. సువార్తమ్మ నన్ను అందులోకి ఈడ్చింది. పెళ్ళిళ్ళు చేయించినదాన్ని, మొదట మహా కోపం వచ్చింది. ఇరవైమంది ఆడవాళ్ళు చీరలు ఎగ్గట్టి దిగి, గోడకు అలికినట్టు అటూ ఇటూ బురద పట్టించారు. పావుగంటలో నన్ను మళ్ళీ ఎత్తి కట్టారు. తడిసి రెండింతలు బరువెక్కాను. గాలి తగిలేసరికి నా కింద కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు.

"ఇది ఏ పార్టీ రంగో చూసి చెప్పు అంకారావన్నా," అంది సువార్తమ్మ.

అంకారావు చుట్టూ తిరిగి చూశాడు. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. శాంతమ్మ తన వంతులో నడిచి వెళ్ళి ఓటేసి, చుక్క పెట్టిన వేలు ఆరబెట్టుకుంటూ వచ్చింది. ఆమె నెత్తి మీద నా బురద చుక్కలు మూడు పడ్డాయి, తుడుచుకోలేదు.

సాయంత్రానికి ఐదువందల యాభై ఎనిమిది ఓట్లు పడ్డాయి. ఇక మొదలైంది రగడ. ఆ కాలనీలో అంతమంది ఎన్నడైనా ఓటేశారా, ఇది రిగ్గింగేనని ఇటుక రంగువాళ్ళు టీవీలో అరిచారు. అణగారినవాళ్ళ చైతన్యం, అదంతా మా గాలేనని వంగపండు రంగువాళ్ళు అరిచారు. నీడ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. రీపోలింగ్ కోరుతూ, సువార్తమ్మను ఉద్యోగంలోంచి తీసేయాలంటూ అర్జీ కూడా పడింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం విచారణకు ఒక ఆఫీసరమ్మ వచ్చింది. అప్పటికే నన్ను విప్పి మడతపెట్టారు. రిజిస్టరులో సంతకాలు, వేలిముద్రలు సరిచూసుకుంది, అన్నీ సరిపోయాయి. "మరి ఈసారి ఇంతమంది ఎలా వచ్చారు?" అంది.

"వరుస నిలబడిన చోటు చూపిస్తాను, రండి మేడమ్," అంది సువార్తమ్మ.

ఇద్దరూ ఎండలో నిలబడ్డారు. సువార్తమ్మ చేతులు కట్టుకుని ఆమెనే చూస్తూ ఉంది. ఆఫీసరమ్మ మూడు నిమిషాలు ఓర్చుకుంది. నాలుగో నిమిషంలో ఫైలు నెత్తిన పెట్టుకుంది. ఐదో నిమిషంలో, "సరేనమ్మా, అర్థమైంది, పదండి లోపలికి," అంది. రీపోలింగ్ అక్కర్లేదని, సువార్తమ్మ తప్పేమీ లేదని రాసి వెళ్ళింది. తీరా లెక్కిస్తే ఆ బూతులో ఇటుక రంగు పార్టీకి రెండువందల అరవై నాలుగు వచ్చాయి. ఆ కాలనీలో వాళ్ళకు ఎన్నడూ అన్ని రాలేదు. రిగ్గింగు మాట మళ్ళీ ఎత్తినవాడు లేడు. బూతు కాలనీలోనే ఉండిపోయింది.

నా మరకలు మాత్రం పోలేదు. నాలుగుసార్లు ఉతికించి, ఇక పెళ్ళిళ్ళకు పనికిరాదని లాల్ సాహెబు నన్ను అంగన్‌వాడీకి ఇచ్చేశాడు. ఇప్పుడు నేను దాని గుమ్మం ముందు ఏడాది పొడుగునా ఉంటాను. పిల్లలు నా కింద అన్నం తిని నిద్రపోతారు. శాంతమ్మ రోజంతా కుక్కిమంచం వేసుకుని కాపలా ఉంటుంది. నాకు సుఖంగానే ఉంది.

మొన్న వడగాలికి తట్టుకోలేక అంకారావు బండి ఆపి నా జాలరు అంచున నిలబడ్డాడు, సగం నీడలో, సగం ఎండలో. శాంతమ్మ లేచి కూర్చుని మంచం మీద పక్కకు జరిగింది.

"లోపలికి రాయ్యా," అంది. "అంచున నిలబడితే ఎండ కొడుద్ది."

కాసేపు తటపటాయించి, వచ్చి కూర్చున్నాడు.