పెళుసు పోని ఉలి

కొండబాబు చేతిలో ఉలి ఉంటే ఎంతటి చెక్కయినా చెప్పిన మాట వింటుందని మిన్నీ బే పడవల షెడ్డులో అందరూ అంటారు. అనకపోతే ఆయనే అనిపిస్తాడు. ఇన్నేళ్ళలో తన దెబ్బ ఒక్కసారీ గురి తప్పలేదని చెప్పుకోనిదే ఆయనకు ముద్ద దిగదు. ఆ గొప్పలు వినీ వినీ పెరిగింది కూతురు సుష్మ. రోజూ డాలీగంజ్‌లో బస్సెక్కి, పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక శిక్షణ కేంద్రంలో ఉక్కు పనిముట్లు చేయడం నేర్చుకుంటోంది. కోర్సు పూర్తయితే ఓడల మరమ్మతు వర్క్‌షాపులో ఉద్యోగం ఖాయమన్నారు. ఆ పిల్లకు మాత్రం ఉద్యోగం కన్నా, తన చేత్తో చేసిన ఉలిని నాన్న చేతిలో పెట్టాలన్నదే పెద్ద కోరిక.

విశ్వకర్మ పూజ ముందురోజు ఆ ఉలి ఒక రూపానికి వచ్చింది. పిడి లేదు, మొత్తం ఉక్కే. ఫర్నేస్‌లో ఎర్రగా కాల్చి నూనెలో ముంచింది. అలా ముంచితే ఉక్కు గట్టిపడుతుంది గానీ గాజులా పెళుసుగా తయారవుతుంది. మళ్ళీ తక్కువ వేడి మీద కొంతసేపు ఉంచి ఆ పెళుసు పోగొట్టాలి. దాన్నే టెంపరింగ్ అంటారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, ఎంతకీ రాలేదు. మర్నాడు పూజ కాబట్టి ఫర్నేస్ వెలిగించరు, పనిముట్టు పట్టరు.

"ఎల్లుండి చేద్దాంలే బేటీ. అప్పటిదాకా దాంతో ఎవరూ కొట్టకూడదు" అన్నాడు పాఠాలు చెప్పే గణపతి సార్.

పూజ రోజున ఎవరు కొడతారు? సుష్మ అలాగే అనుకుంది. నాన్న పూజలో పెట్టుకుని మురిసిపోతాడు, మర్నాడు తిరిగి తీసుకెళ్ళిపోవచ్చని ఉలిని గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చింది.

షెడ్డులో పూజ ఆమె అంతకుముందెప్పుడూ చూడలేదు. అక్కడి ఆనవాయితీ వేరు. హారతి అయ్యాక పెద్ద మేస్త్రి కొత్త పనిముట్టుతో, కట్టబోయే పడవ దూలం మీద ఒక్క దెబ్బ కొట్టాలి. పసుపు కుంకుమ పెట్టిన ఉలిని కొండబాబు పైకెత్తి అందరికీ చూపించాడు.

"సూడండర్రా. ఇది బజారు మాల్ కాదు. నా కూతురు సేసింది."

"నానా, అదింకా..." అంటూ సుష్మ నోరు తెరిచింది. అందరూ ఆమె వైపు తిరిగారు. షెడ్డు యజమాని వాసుదేవ్ చప్పట్లు కొడుతున్నాడు. అంత గొప్పగా చెప్పుకున్నాక పని సగమే అయిందంటే నాన్న తలెక్కడ పెట్టుకుంటాడు? ఒక్క దెబ్బే కదా అనుకుని ఊరుకుంది. అలా ఊరుకున్నందుకు ఆ పిల్ల తనను తాను ఏనాటికీ క్షమించుకోలేదు.

సుత్తి పడింది. ఉలి తల నుంచి ఓ ముక్క ఎగిరి కొండబాబు కుడికంట్లో దిగింది.

కన్ను దక్కలేదు. ఎలా జరిగిందని డాక్టరు అడిగితే, "సెయ్యి జారింది బాబూ. దెబ్బ పక్కకెళ్ళిపోయింది" అన్నాడు కొండబాబు. ప్రాణం పోయినా ఆయన నోట రాకూడని మాట అది. సుష్మ వరండాలోకి పోయి గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

కట్టు విప్పాక షెడ్డుకు వెళితే వాసుదేవ్ ఆయనకు ఉలి ఇవ్వలేదు. ఒంటికన్నుతో చెక్కేవాళ్ళు లేకపోలేదు గానీ, చెయ్యి జారిందని తానే చెప్పుకున్న మేస్త్రికి దూలం ఎవరు అప్పగిస్తారు? కాపలాకని గేటు దగ్గర కుర్చీ వేయించాడు. పాతవాళ్ళు జాలిపడ్డారు, కుర్రవాళ్ళు చాటుగా నవ్వుకున్నారు. సుష్మ ఇక భరించలేక ఒకరోజు నేరుగా షెడ్డుకు వెళ్ళి అందరి ముందూ వాసుదేవ్‌తో చెప్పేసింది.

"అంకుల్, నాన్న చెయ్యి జారలేదు. ఉలికి టెంపరింగ్ అవ్వలేదు. ఆ సంగతి తెలిసీ నేను నోరు మూసుకున్నాను. గల్తీ నాది."

కొండబాబు గేటు దగ్గర నుంచి లేచి వచ్చాడు. ఉక్కు విరిగిన తీరు ఆయన చేతికి దెబ్బ కొట్టిన క్షణమే తెలిసి ఉంటుంది. అవునంటే చాలు, పోయిన పేరు తిరిగొస్తుంది. కూతురి ఉద్యోగం మాత్రం గాలికి పోతుంది. ఆయన నవ్వాడు.

"పిల్ల మాట నమ్మకండి బాబూ. నా పరువు కోసం అబద్ధమాడతంది. అడ్డంగా కొడితే ఏ ఉక్కయినా ఇరిగిపోద్ది. నా సెయ్యే ముసలిదైపోయింది."

"కాదు అంకుల్, కావాలంటే గణపతి సార్‌ని అడగండి" అంది సుష్మ.

ఎవరూ వినిపించుకోలేదు. వాసుదేవ్ కళ్ళు చెమర్చాయి. ఆమె తల నిమిరి, "ఇలాంటి కూతురు దొరకాలంటే నసీబ్ ఉండాలి కొండబాబూ" అన్నాడు. తక్కినవాళ్ళు అవునవునన్నారు. నిజం చెప్పడానికి వచ్చిన పిల్లను మెచ్చుకుంటూ గేటు దాకా సాగనంపారు.

కొండబాబు వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. సుష్మ ఆయన కుడిపక్కన నిలబడి ఏడుస్తోంది. ఆ పక్క ఆయనకు కనిపించదు.