పదో తేదీ వరకు

దర్జీ పనిచేసే తల్లి తన కూతుర్ని ప్లీడరమ్మ అని పిలిచేది. ప్రతి మాటకీ అడ్డు తగులుతుంటే "నోరు మూసుకోవే" అని విసుక్కునేది.

లా చదువుకి ఫీజు సాయం కోసం ఇద్దరూ దరఖాస్తు పట్టుకెళ్తే గుమాస్తా తల అడ్డంగా ఊపాడు.

"పదో తేదీ వరకే తీసుకుంటాం. అంటే తొమ్మిదితో సరి. ఇవాళ పది."

ప్లీడరమ్మ దరఖాస్తు మడిచి వెనక్కి తిరగబోయింది. తల్లి మోచేత్తో పొడిచింది.

"ఇంట్లో నా ప్రాణం తీస్తావు కదే! ఇప్పుడు తెరువు ఆ నోరు!"

కూతురు గోడమీది బోర్డు చూపించింది.

"ఆఫీసు సోమవారం నుంచి శనివారం వరకు అని రాశారు. ఇవాళ శనివారం. మరి మీరెందుకొచ్చారండీ?"

గుమాస్తా బోర్డు చూశాడు, దరఖాస్తు లాక్కుని ముద్ర గుద్దాడు.

"ఏం చదువుతావని అడగనులే తల్లీ!"