వరండాలో తబితా

నిమ్మకాయలు పిండుతుంటే వేళ్ళ పగుళ్ళు మండుతున్నాయి. పొద్దుటి నుంచి ఇది నాలుగో రైలు జనం. ఇంటి ముందు గడ్డి ఎప్పుడో తొక్కుడుకి మట్టయిపోయింది. గుర్తుగా ఉంచుకుంటామని కంచె కర్రలు కూడా పీక్కుపోయారు. అధ్యక్ష పదవికి నిలబడ్డ మా ఆయన ఎజ్రా హాలోవెల్ ఊరూరా తిరగనక్కర్లేదని పార్టీవాళ్ళు తేల్చారు. ఒహాయోలో మా ఇంటి వరండాలో నిలబడి మాట్లాడితే చాలు, దేశమే వస్తుందట. వచ్చిన దేశానికి దాహం వేస్తుందిగా. అందుకు నేనున్నాను.

వంటింటి కిటికీలోంచి ఆయన గొంతు వినిపిస్తోంది. పీపాలు చేసేవాడి కొడుకుగా పుట్టడం, పన్నెండో ఏట కాలువ గట్టున పడవల్ని లాగే కంచరగాడిదల్ని తోలడం, పొయ్యి వెలుగులో తనంతట తనే చదువుకోవడం. పొయ్యి నిజమే. అది మా నాన్న ఇంటి పొయ్యి. ఇరవయ్యేళ్ళ వయసులో, పేరు కూడా తిన్నగా రాయడం రాక, టోపీ నలుపుకుంటూ నా బడి గుమ్మంలో నిలబడ్డాడు. "పంతులమ్మగారూ, నాక్కూడా చెబుతారా?" రెండు శీతాకాలాలు ఆ పొయ్యి దగ్గరే చెప్పాను. పెళ్ళయ్యాక ఆ 'గారు' పోయి ఉత్త అల్మైరానయ్యాను. మొదటి ఉపన్యాసం నేనే రాసిచ్చాను. చప్పట్లు కొట్టించుకుని వచ్చి, "గొంతు నాది కదా అల్మైరా!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మా అత్తగారు మాత్రం నవ్వలేదు. "వాడు పైకొచ్చే మనిషి. నీ పేరు అందులోకి లాగకు" అంది. లాగలేదు.

కాంగ్రెసు సభలో సీటుకి ఆయన మొదటిసారి నిలబడిన అక్టోబరులో మా తబితాకి గొంతువాపు జ్వరం వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల. ప్రచారంలో ఉన్న ఆయనకి రెండు టెలిగ్రాములు ఇచ్చాను. "డాక్టరు చెప్పినట్టు చెయ్యి. శుక్రవారం సభ మానలేను" అని జవాబు. గురువారం పిల్ల పోయింది. పాతిపెట్టిన మూడో రోజున వచ్చి, దాని బూట్లు గుండెకి పెట్టుకుని నేలమీద పడి ఏడ్చాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు. అందుకే ఇన్నేళ్ళూ ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు వరండాలోంచి వినబడుతోంది: "నా చిట్టితల్లి నా చెయ్యి పట్టుకుని, నాన్నా, అందరికీ మంచి చెయ్యి, అంటూ కన్నుమూసింది."

తబితా ఏమీ అనలేదు. అప్పటికి గొంతు మూసుకుపోయి మూడు రోజులైంది. నా గౌను బొత్తాం పట్టుకుని లాగుతూ ఉంది, అంతే.

ఒకావిడ ఖాళీ గ్లాసు పట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చింది. "ఆఖరి ఘడియలో పక్కనే ఉన్నాడు. ఎంత అదృష్టవంతురాలివమ్మా!" నేను తలూపాను. ఆవిడ గ్లాసు మళ్ళీ నింపాను.

మర్నాడు అన్నాను. "ఎజ్రా, ఇంకేదైనా చెప్పుకో. అది మాత్రం చెప్పకు."

"నేనుంటే అలాగే ఉండేవాణ్ణి కదా? ఈ వచ్చేవాళ్ళలో ఎంతమందికో పిల్లలు పోయారు అల్మైరా. వింటే వాళ్ళకి ఓదార్పు."

పార్టీ కార్యదర్శి క్రాండల్ కాగితాల్లోంచి తలెత్తాడు. "ఇండియానా నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఇళ్ళకెళ్ళి, ఓటున్న మొగుళ్ళకి చెబుతున్నారమ్మా. బ్యాండుమేళం కూడా అంత పని చెయ్యలేదు."

ఆగస్టు, సెప్టెంబరు. రోజుకి ఐదేసి సార్లు విన్నాను. అక్టోబరులో, తబితా పోయిన తేదీన, సమాధి పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాను. మంచం పక్కన ఎజ్రా కనిపించాడు, దాని చెయ్యి పట్టుకుని. మరి నేనెక్కడ అని వెతుక్కున్నాను. గుమ్మం దగ్గర, గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఉన్నది ఆ ఒక్క గురువారమే నాకు. అదీ తీసుకున్నాడు.

నవంబరులో గెలిచాడు. ఊరంతా గంటలు మోగాయి. ఫిబ్రవరి ఆఖర్న, ప్రమాణ స్వీకారానికి వాషింగ్టన్ బయల్దేరే ముందు, ఆయన పెట్టె సర్దుతూ నేను రావడం లేదని చెప్పాను.

"ఏమిటీ పిచ్చి! అంతమంది ముందు పక్కన నువ్వు లేకపోతే జనానికి ఏమని చెప్పను?"

గంజిపెట్టిన కాలర్లు వరసగా పేర్చి పెట్టె మూత వేశాను.

"ఉన్నానని చెప్పు" అన్నాను. "నీకు అలవాటే కదా."