బోర్డు దాకా ఉండాల్సిన గడ్డ

సదయ్య మంచోడని అనేవాళ్లు గోదావరిఖనిలో ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, వాళ్లు ముందు ముత్యం ఇంటికి వచ్చి మాట్లాడాలి. పరాయివాడు కూడా కాదు, ముత్యానికి సొంత అక్క మొగుడు. బొగ్గుబాయి పని ఏనాడో మానేసి, చౌరస్తాలో చాయ్ హోటల్ దగ్గర కూర్చుని, ఎవరికి ఏ పని కావాలో చేయించి పెడతానని చెప్పుకుని బతికే మనిషి. ఆ హోటల్ బల్ల మీదనే, ఫోను లైటు వేసి, ముత్యం కింది పెదవిని బొటనవేలితో లాగి పట్టుకుని చూశాడు.

ఎడమవైపు కింది చిగురు మీద శనగగింజంత గడ్డ.

"గిది ఉత్త గడ్డ గాదు బామ్మర్దీ" అన్నాడు సదయ్య. "నువ్వు తంబాకు పెట్టుకునే జాగలనే లేసింది. గిది గా రోగమే."

క్యాన్సరే అనుకున్నాడు ముత్యం. అతను పనిచేసే బొగ్గుబాయిలో బీడీ ముట్టించనివ్వరు. దిగినప్పటి నుంచి పైకి వచ్చేదాకా దవడన తంబాకు ఉండాల్సిందే. బడి మానేసి పనిలో చేరినప్పటి అలవాటు.

"పరేషాన్ గాకు. నౌకరిల ఉండంగ రోగమొస్తే మెడికల్ బోర్డుల అన్‌ఫిట్ రాస్తరు, నీ జాగల శివ ఎక్కుతడు. కేసు నేను నడిపిస్త, జర ఖర్చయితది. ఒక్కటే మాట. బోర్డు దాక దాన్ని ముట్టుకోకు. పండ్ల డాక్టరు తొవ్వ తొక్కకు. గడ్డ కరిగితే పోరని నౌకరి గూడ కరుగుతది."

కొడుకు శివ ఐటీఐ చదివి ఓ కాంట్రాక్టరు దగ్గర రోజుకూలీకి టిప్పర్లు రిపేరు చేస్తున్నాడు. సంబంధం మాట్లాడ వచ్చినవాళ్లు పర్మనెంటా అని ఒక్క మాట అడిగి, చాయ్ ముట్టకుండా లేచిపోతున్నారు. ముత్యం ఇంక వెనకాముందూ చూడలేదు. ఊళ్లో మిగిలిన చెలక భూమి అమ్మి సదయ్య చేతిలో పోశాడు.

ఆ రోజు నుంచి నాలుక ఒక చోట నిలవలేదు. డ్యూటీలో ఉన్నా, అన్నం ముందు కూర్చున్నా, గడ్డ దగ్గరికే పోయేది. ఉందా? ఉంది. ఉందంటే భయం. ఓ పొద్దు కాస్త చిన్నగా తగిలితే అంతకన్నా భయం.

బాయి దిగేముందు లైట్లు ఇచ్చే లాంపురూము దగ్గర తోటి కార్మికుడు రాజం చూసి నవ్వాడు. "మా అత్తకు కట్టుడుపండ్లు ఒరుసుకొని అచ్చం గిట్లనే లేసిందే. సెట్టు సరిజేపిస్తే పోయింది."

"నాకు కట్టుడుపండ్లు యాడున్నయి?"

"అయితే బొక్క పెరిగిందేమో. కొందరికి దవడ ఎముక బుడిపె లెక్క పెరుగుతదట, ఏం గాదట. నాకున్నది, సూస్తవా?" అని రాజం నోరు తెరిచాడు.

ముత్యం చూడలేదు. ధైర్యం చెబుతున్నాననుకున్నాడు రాజం. ముత్యానికి మాత్రం కొడుకు చేతిలోని నౌకరి ఆర్డరు గుంజుకున్నట్టే అనిపించింది.

ఇంట్లో భార్య కనకవ్వ ఉప్పునీళ్ల చెంబు పట్టుకుని వెంటపడేది.

"ఒక్కపారి పుక్కిలియ్యి."

"వద్దంటే వద్దు."

"నొప్పి లేదా?"

"లేదు." చల్లనీళ్లు తగిలితే కణత దాకా లాగుతోంది. కానీ ఆ రోగానికి మొదట్లో నొప్పి ఉండదని సదయ్య చెప్పాడు కాబట్టి, ముత్యానికీ లేదు.

"సచ్చేతందుకు గింత ఆరాటపడే మొగోన్ని నేను యాడ సూడలె" అంది కనకవ్వ.

"బాపూ, గట్లొచ్చే నౌకరి నాకొద్దు" అన్నాడు శివ.

"నీకేం తెలుసురా. తిను."

చివరికి ఒక పొద్దున లేచేసరికి దవడ వాచి కన్ను సగం మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. కనకవ్వ అడగలేదు, చెప్పలేదు. ఆటో పిలిచి, రిటైరైన గుమాస్తా యేసుదానం బిడ్డ సారిక నడిపే పండ్ల దవాఖానకు తీసుకుపోయింది.

సారిక పన్ను మీద చిన్నగా తట్టింది. ముత్యం కుర్చీలో ఎగిరిపడ్డాడు. ఎక్స్‌రే తీసి చూపించింది.

"కాకా, పన్ను లోపలంత పుచ్చిపోయింది. వేరు కింద చీము పట్టింది. అది బయటికి తొవ్వ చేసుకుంటే చిగురు మీద గిట్ల గడ్డ లేస్తది."

"తంబాకుతోటి గాదా?"

"తంబాకు మానకుంటే రేపు గదీ రావచ్చు. గట్టిగ ఉండి, వారాలైనా తగ్గకుంటే ముక్క తీసి పరీక్షకు పంపుతం. గిది మెత్తగుంది, ఒత్తితే చీమొస్తున్నది. అయినా పుండు మానినంక మళ్ల చూస్త."

"మంచిగ సూడు బిడ్డా."

"చూసిన కాకా."

"బోర్డు దాకనన్న ఉండనియ్యి."

సారిక ఈ బొగ్గుబాయి క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల. ఇంక విడమరిచి చెప్పే అవసరం లేకపోయింది. "బోర్డుల గూడ గిదే ఫొటో తీస్తరు, లేని రోగం రాయరు. గిట్లనే ఉంచితే చీము మెడలకు దిగుతది. పాణం పోవచ్చు."

ముత్యం గోడ వైపు చూశాడు. నౌకరిలో ఉండగా మనిషి పోయినా కొడుకుకు ఆర్డరు వస్తుంది. ఆ ఆలోచన మొగుడి మొహం మీద నడవడం కనకవ్వ చూసింది.

"తియ్యి బిడ్డా" అంది. "ఆయనను అడగకు."

చీము తీశారు. వాపు దిగాక పన్ను పీకారు. దవడన దూది కుక్కుకుని ముత్యం దవాఖాన నుంచి సరాసరి బాయి ఆఫీసుకు పోయి బోర్డు కేసు సంగతి అడిగాడు. అతని పేరున దరఖాస్తే రాలేదన్నారు.

ముత్యం పోయేసరికి సదయ్య తన ఇంటి మీద నిలబడి, కొత్తగా పోసిన స్లాబుకు పైపుతో నీళ్లు పడుతున్నాడు.

"బతికినవ్ గద బామ్మర్దీ. సంతోషపడు."

"నా పైసలు?"

"కేసు కదిలించినంక పైసలు ఆగుతయా? నేను ఫోను లైటుతోటి చూసిన. డాక్టర్నని ఎన్నడన్న చెప్పిన్నా?"

ముత్యం తిట్టబోతే దూది అడ్డం పడింది. అక్క బయటికి వచ్చి చాయ్ గ్లాసు చేతికిచ్చింది. "నోరు బాగలేదు గద, సల్లార్చి తాగు తమ్మీ" అంది. ముత్యం గ్లాసు గోడ మీద పెట్టి వచ్చేశాడు.

శివ ఇప్పటికీ రోజుకూలీకే పోతున్నాడు. ముత్యం డ్యూటీకి పోతున్నాడు. పన్ను పోయినందుకు అతనికి బాధ లేదు. పోయింది పెద్దపల్లి అవతల, తండ్రి దున్నిన చెలక. బోరుతో సహా, ఇరవై మూడు గుంటలు.