రెండు పెండలాల లెక్క

ఉరియా బ్రిసెట్ మాస్టారి కుడిచేతి చూపుడువేలు ఆ పొద్దున కూడా మొరాయించింది. మడిస్తే ఓ పట్టాన ముడుచుకోదు, మడిచాక చాపుదామంటే చాచుకోదు. భార్య ఎర్మా, నొప్పులకి వాడే పిమెంటో గింజల నూనె గోరువెచ్చగా కాచి, ఆయన్ని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, వేలికి మర్దన చేసింది. చేతికి పనిచెబుతూనే నోటికీ పనిచెప్పింది.

"ఇవాళైనా ఆ పోటీలవాళ్లకి చెప్పెయ్యరాదూ? చేతిలో పిస్తోలు, వేలు చూస్తే తుప్పుపట్టిన గొళ్లెం."

"ఈ ఒక్కరోజే ఎర్మా. రేపట్నుంచి నువ్వు చెప్పినట్టే వింటాను."

"పెళ్లయిన కాణ్ణించీ వింటున్నాను మీ రేపటి మాట. ఆ రేపు మాత్రం మన గుమ్మం తొక్కలేదు."

మాస్టారు కలాలూ ఆకుకూర, వేయించిన పిండి ఉండలు తిని, ఇస్త్రీ చేసిన ఎర్రకోటు తొడుక్కుని రాజధాని కింగ్‌స్టన్ వెళ్లే బస్సు ఎక్కారు. ఆ సాయంత్రం జాతీయ చాంపియన్‌షిప్‌లో మగవాళ్ల వంద మీటర్ల ఫైనల్. పరుగు మొదలుపెట్టే పిస్తోలు ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన చేతిలోనే ఉంది.

ఆయన పట్టుదలకి కారణం లేకపోలేదు. ఏదైనా రికార్డు బద్దలైతే ఒక పత్రం రాస్తారు. గాలి కొలిచినవాడు, గడియారం చూసినవాడు సంతకాలు పెడతారు. "పరుగు న్యాయంగా మొదలైంది" అన్న గడిలో స్టార్టర్, అంటే పిస్తోలు పేల్చేవాడు, పెడతాడు. అలాంటి పత్రాల నకళ్లు ఆరు, మాస్టారి ముందుగదిలో అద్దాల్లో వేలాడుతున్నాయి. ఏడోదానికి మేకు కూడా కొట్టి ఉంచారు. ఎందుకంటే ఆ ఏడాది టెవాన్ రికెట్స్ పరుగు చూసినవాళ్లంతా, పదిహేడేళ్లుగా కదలని చాంపియన్‌షిప్ రికార్డు ఈసారి కదులుతుందని పందేలు కాస్తున్నారు.

టెవాన్ మాస్టారి బడిపిల్లాడే. ట్రెలానీ కొండల్లో ఆ బడి మైదానం ఒక పక్కకి వాలి ఉండేది. పిస్తోలు కొనే స్తోమత బడికి లేదు కనక, మాస్టారు రెండు చెక్కలకు బందు బిగించి టపీమని కొట్టేవారు. "సెట్" అన్నాక ఎప్పుడూ ఒక్కలాగే ఆగేవారు. అక్కడ పండేది పెండలం. పిల్లలు మనసులో "ఒక పెండలం, రెండు పెండలం" అనుకునేసరికి చెక్కలు మోగేవి. ఈ కిటుకు అన్నల నుంచి తమ్ముళ్లకీ, ఆ బడి నుంచి పక్క బడికీ పాకి, చివరికి కొండ దిగి పట్నం బళ్లకీ చేరింది.

అసలు స్టార్టరన్నవాడు ఒకసారి ముందు, ఒకసారి వెనక పేల్చాలి. లెక్క దొరకనివ్వకూడదు. ఈ పనిలో మొదటి పాఠం అదే. మాస్టారు ఆ పాఠం ఇతరులకు చక్కగా చెప్పేవారు, తాను మాత్రం పాటించేవారు కాదు. పెండలాల సంగతి చెవిన పడనిదీ కాదు. విననట్టు ఊరుకుని లోలోపల మురిసిపోయేవారు. మా మాస్టారు గడియారమంటే గడియారం అని ఊరంతా అంటుంటే ఎవరికి చేదు?

టెవాన్ గురించి ఒక్క ఫిర్యాదే ఉండేది, అదీ వాళ్ల డెల్ఫీన్ అవ్వది. "మాస్టారూ, వీడు పరిగెత్తేటప్పుడు నాలుక బయటపెట్టి కొరుక్కుంటాడు. ఏనాడో తెగి కింద పడుతుంది. కాస్త గదమాయించండి" అనేది. "మా బడిలో అలాంటి వేషాలెయ్యడు అవ్వా" అనేవారు మాస్టారు, కాస్త బిరుసుగానే. ఆయనకి కనబడితే కదా! చెక్కలు పట్టుకుని వెనక నిలబడినవాడికి కనిపించేవి పిల్లల వీపులూ మడమలూను. అవ్వ పోయి అయిదేళ్లయింది.

సాయంత్రానికి ఎండ మెత్తబడింది. స్టేడియం కిటకిటలాడుతోంది. బూరలు, ఈలలు, ఇళ్లనుంచి మోసుకొచ్చిన గిన్నె మూతల మోతలు. ఎనిమిదిమంది, కాళ్లు తన్నిపెట్టే బ్లాకుల వెనక నిలబడ్డారు. నాలుగో లేన్‌లో టెవాన్. మాస్టారు చెయ్యెత్తగానే అంత జనమూ పాఠం మొదలైన తరగతిలా గప్‌చుప్ అయిపోయింది. ఆ నిశ్శబ్దమంటే ఆయనకి ప్రాణం.

"ఆన్ యువర్ మార్క్స్."

ఎనిమిదిమందీ వంగారు. వేళ్లు గీత వెనక సర్దుకున్నాయి.

"సెట్."

నడుములు లేచాయి. ఒక పెండలం. రెండు పెండలం. మాస్టారు వేలు బిగించారు. వేలు ముడుచుకోలేదు. పళ్లు బిగబట్టి మణికట్టంతా కలిపి లాగితే, అప్పుడు పేలింది పిస్తోలు. అది పేలకముందే, ఆ సందులోనే టెవాన్ కదిలాడు. వాణ్ణి చూసి మరో ఇద్దరు ఊగారు. వెనక నిలబడ్డ మార్వలిన్ తన చేతిలోని రెండో పిస్తోలు పేల్చి అందరినీ ఆపేసింది. ఆమె మాస్టారి దగ్గర పదకొండేళ్లుగా పని నేర్చుకుంటున్న సహాయకురాలు.

బ్లాకులకి అమర్చిన యంత్రం నాలుగో లేన్‌కి ఎర్రదీపం వెలిగించింది. ఒక్కసారి ముందు కదిలితే ఇంటికే. రెండో అవకాశమన్నది లేదు. పైగా ప్రపంచ పోటీలకి వెళ్లేది ఈ పరుగులో మొదటి ముగ్గురే. ఇందులో లేనివాడు ఎంత మొనగాడైనా ఇంట్లో కూర్చుని టీవీ చూసుకోవలసిందే.

జనం అయ్యయ్యో అన్నారు. తర్వాత బూతులు మొదలయ్యాయి. టెవాన్ మాత్రం రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని మాస్టారి వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. వచ్చిన ఎక్కానికే తప్పు పడిన పిల్లాడి తికమక ఉంది.

రిఫరీ యూనా హిబ్బర్ట్ కాగితాల అట్టతో వచ్చింది. మహా ఖచ్చితమైన మనిషి.

"యంత్రం పిల్లాడి తప్పంటోంది మాస్టారూ. మీ వైపు అంతా సవ్యమేనా? ఊఁ అనండి, రాసుకుంటాను."

ఊఁ అంటే చాలు. యంత్రం ఆయన పక్షం. నిబంధనల పుస్తకమూ ఆయన పక్షమే. పరిగెత్తేవాడు పిస్తోలు విని పరిగెత్తాలి కానీ లెక్క పెట్టుకుని కాదు. వేలి లోపల ఏం జరిగిందో ఆ స్టేడియంలో ఎవరికీ కనబడదు. కాదంటే మాత్రం ఇరవై తొమ్మిదేళ్ల పేరు, ముందుగదిలో మేకు, అన్నీ ఈ మైదానంలోనే పోతాయి. ఆయనకి భయమేసింది, అది దాచాల్సిన పనేం లేదు.

కానీ ఆ పిల్లాడి ఒంటికి ఆ లెక్క నేర్పిందెవరు? ఆరేళ్లప్పటి నుంచి, ఉత్తకాళ్ల రోజుల నుంచి, రెండు చెక్కలతో కొట్టి కొట్టి ఎక్కించింది తనే. తను రావలసిన వేళకి రాలేదు, వాడు వచ్చాడు.

"లేదు యూనా. ఆలస్యం నాది."

"ఎంత?"

"ఒక పెండలమంత."

ఆమెదీ ట్రెలానీయే. నవ్వబోయి ఆపుకుంది.

"చూడండి, నేను ఉన్నదున్నట్టే రాస్తాను. స్టార్టర్ పొరపాటని మైకులో కూడా చెప్పిస్తారు. ఆలోచించుకునే అంటున్నారా?"

"వేలు నాలుగు నెలలుగా పట్టేస్తోంది. దాచాను. అదీ రాసుకో."

"నాలుగు నెలలా! ఎర్మాకి తెలుసా?"

"రోజూ తిడుతోంది."

"బతికించింది. ఒక్కరన్నా తిట్టేవాళ్లున్నారు." అట్ట మీద రాసుకుంటూ, తలెత్తకుండానే అంది: "మీరు ఇక పేల్చడానికి వీల్లేదు మాస్టారూ."

"తెలుసు." ఆయన పిస్తోలు మార్వలిన్ చేతిలో పెట్టారు.

"నేనా? ఇప్పుడా? నా కాళ్లు వణుకుతున్నాయి మాస్టారూ!"

"వణకనీ. పేల్చేది కాళ్లతో కాదుగా. ఒక్కటే గుర్తుంచుకో, నా లెక్క నీకొద్దు. అది మంచి అలవాటు కాదు. నీ కళ్లతో చూసుకుని పేల్చు."

మార్వలిన్ ఎనిమిదిమందికీ వరసగా పచ్చకార్డు చూపించింది. ఎవరిమీదా తప్పు లేదని దానర్థం. మైకులో స్టార్టర్ పొరపాటని చెప్పారు. బ్లాకులు సర్దుకోవడానికి వాళ్లకి నాలుగైదు నిమిషాలు ఇచ్చారు. పరుగు మొదలయ్యే ఆ చోట మాస్టారికి ఇక పనేం లేదు. మైదానం లోపలి గడ్డి మీద మెల్లగా అవతలి కొస వైపు నడిచారు. మెట్లమీద నుంచి మాటలు వచ్చి పడుతున్నాయి.

"ఏం తాతా, సెట్ అని కునుకు తీశావా?"

"ఆ ఎర్రకోటు పిట్టలు తోలడానికి మా చేలో నిలబెట్టు, పనికొస్తుంది!"

"పిల్లాడి కొంప ముంచబోయావు కదయ్యా పెద్దాయనా!"

చివరి మాటకి మాత్రం ఆయన తలెత్తి, అవునన్నట్టు ఊపారు. అరిచినవాడు కూర్చున్నాడు.

గమ్యం గీత దాటి, ఫొటోలవాళ్ల పక్కన మంచినీళ్ల డబ్బా ఒకటి బోర్లించి ఉంటే దానిమీద చతికిలపడ్డారు. ఇన్నేళ్లలో పరుగు జరుగుతుండగా ఆయన ఈ కొసన ఉన్నది లేదు. ఇక్కడి నుంచి బ్లాకులు ఇంత చిన్నవిగా ఉంటాయని కూడా ఆయనకి తెలియదు.

అక్కడెక్కడో మార్వలిన్ చెయ్యెత్తింది. మళ్లీ నిశ్శబ్దం. "సెట్" మైకులో సన్నగా వినిపించింది. మాస్టారి పెదవులు వాటంతటవే ఒక పెండలం అన్నాయి. రెండోది పూర్తికాకుండానే పేలింది. శభాష్, అనుకున్నారు.

ఎనిమిది తలలు వంగి ఉన్నాయి. ముప్ఫై మీటర్ల దగ్గర లేచాయి. అప్పుడు ఆయనకి మొహాలు కనిపించాయి. ఎనిమిది మొహాలు ఎదురుగా, తనవైపే వస్తున్నాయి. బుగ్గలు అదురుతున్నాయి. ఒకడు కళ్లు చిట్లించాడు, ఒకడు ఏడుస్తున్నట్టున్నాడు. మొదట టెవాన్ వెనకపడ్డాడు. సగం దూరానికి కలిశాడు. ఆ తర్వాత వాడి పక్కన ఎవరూ లేరు. పళ్ల మధ్య నుంచి, పెదవికి ఎడమపక్కగా, అంగుళంమేర నాలుక బయటికొచ్చి ఉంది.

మాస్టారు డబ్బా మీంచి లేచిపోయారు. డెల్ఫీన్ అవ్వా, నువ్వే గెలిచావే, అన్నారు పైకే. పక్కన ఫొటోలవాడు వింతగా చూశాడు.

గడియారం తొమ్మిది పాయింట్ ఏడు ఎనిమిది సెకన్ల దగ్గర ఆగింది. వీపున తోసే గాలీ అనుమతించిన లెక్కలోపే ఉంది. పదిహేడేళ్ల రికార్డు పోయింది. గిన్నె మూతలు ఒకదాన్నొకటి చావబాదుకున్నాయి. మొక్కజొన్న పొత్తులమ్మే ఆవిడ తట్ట కింద పెట్టేసి గెంతుతోంది.

కాసేపటికి యూనా పత్రం తెచ్చింది. స్టార్టర్ గడి దగ్గర మార్వలిన్ ఆగి మాస్టారి వంక చూసింది.

"మీరు కూడా ఒక పక్కన..."

"నేను మొదలుపెట్టానా పరుగు? నువ్వు కదూ? కానియ్." జేబులోంచి తన కలం తీసిచ్చారు. ఆ ఆరు సంతకాలూ పెట్టిన కలమే అది. మార్వలిన్ సంతకం కాస్త వంకరగా పడింది. ఆయన ఆ గడిని ఒక క్షణం చూశారు. బాధగానే ఉంది. కలం తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమన్నారు.

జనానికి చేతులూపి, జెండా కప్పుకుని మైదానం చుట్టూ తిరిగిన టెవాన్ వెనక్కొస్తూ, కెమెరాలన్నిటినీ తప్పించుకుని మాస్టారు మళ్లీ కూర్చున్న డబ్బా దగ్గరికి వచ్చి, కింద గడ్డిలో కూలబడ్డాడు. ఇంకా రొప్పుతున్నాడు.

"మూడో పెండలం దాకా ఆపితే ఎలా మాస్టారూ? ఊపిరి పోయిందనుకోండి."

"ముసలి వేలురా. పని చెబితే మారాం చేస్తోంది."

"అక్కడ మీరు చెప్పకపోతే..." వాడు మాస్టారి మోకాలు పట్టుకున్నాడు. తర్వాత, చిన్నప్పుడు లెక్క తప్పో ఒప్పో అడిగే గొంతుతో అడిగాడు. "చూశారా మరి? ఇక్కడ కూర్చుని, నన్ను చూశారా?"

మాస్టారు చేతిరుమాలు తీసి వాడి మూతి తుడిచారు. రుమాలుకి నెత్తుటి చుక్క అంటింది.

"చూశాన్రా. నాలుక లోపల పెట్టుకో, తెగుతుంది."